పెద్దమ్మకు లక్షలు, అమ్మకు వేలు

పెద్దమ్మ కుడికంటికి శుక్లం వచ్చింది. పూలు కడుతుంటే మల్లెమొగ్గకూ సన్నజాజికీ తేడా తెలియడం లేదని తనే చెప్పి తనే నవ్వింది. కంటి ఆస్పత్రికి తీసుకెళితే చిన్న ఆపరేషనే, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు అన్నారు. దానికి ముందు అందరికీ చేసే రక్తపరీక్షలు ఆమెకూ చేశారు. రెండోరోజు ఫోన్ చేసి, హెపటైటిస్ సి ఉన్నట్టు వచ్చిందనీ ముందు కాలేయం డాక్టరుకు చూపించి రమ్మనీ చెప్పారు. మా ఇంట్లో ఆ జబ్బు పేరు వినడం అదే మొదలు.

పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. యలహంక పాత ఊళ్ళో ఒక వీధి మలుపులో పూలు అమ్ముతుంది. కదిరి దగ్గరి పల్లె నుంచి పెదనాన్నతో కలిసి ఇటుకలు మోసే పనికి బెంగళూరు వచ్చింది. తర్వాత కొన్నేళ్ళకు అమ్మకూ నాన్నకూ పెళ్ళయితే, రండి నేనున్నాను కదా అని వాళ్ళిద్దరినీ ఇక్కడికి పిలిపించుకుంది. ఒకే రేకుల గదిలో మధ్యన చీర అడ్డం కట్టి రెండు కుటుంబాలూ ఉన్నాయట. నేను పుట్టింది ఆ రోజుల్లోనే. పెద్దమ్మకు పిల్లలు లేరు. నా చిన్నప్పుడు అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంటే, పెద్దమ్మ నన్ను పూలబుట్ట పక్కన గోనెసంచీ మీద కూర్చోబెట్టుకుని వ్యాపారం చేసేది. పెదనాన్న పోయాడు, నాన్న కూడా పోయాడు. ఇప్పుడు ఇంట్లో అమ్మా, పెద్దమ్మా, నేనూ, నా భార్యా. నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేస్తాను. వారంలో రెండు రోజులు వెళితే చాలు, మిగతా రోజులు ఇంటి నుంచే పని.

అక్కాచెల్లెళ్ళిద్దరికీ అరవై దాటాయి. అయినా పెద్దమ్మ అమ్మను "పాపా" అనే పిలుస్తుంది. వీధిలో వాళ్ళంతా చీరలకు ఫాల్స్ కుట్టించుకోవడానికి వచ్చి "పాపమ్మ ఉందా?" అని అడుగుతారు. అమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

ప్రభుత్వ ఆస్పత్రిలో కాలేయం డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. డాక్టరు కోలారు వైపు ఆవిడ. మేము మాట్లాడుకోవడం విని కన్నడం వదిలేసి మా తెలుగులోకి వచ్చేసింది. పెద్దమ్మకు అప్పుడే ధైర్యం వచ్చింది.

"కన్ను చూడమని పోతే కడుపులో ఏమో ఉండాదంటాండారు డాక్టరమ్మా. నాకేం రోగం? పొద్దున నాలుక్కి లేచి మార్కెట్టుకు పోయొస్తా."

"ఈ వైరస్ అట్లాంటిదే అమ్మా. ఇరవై ముప్పై ఏళ్ళు ఒంట్లో ఉన్నా తెలీదు. రక్తం నుంచి రక్తానికి వస్తాది. చిన్నప్పుడు సూదులేయించుకున్నారా?"

పెద్దమ్మ అమ్మ వైపు చూసింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. వాళ్ళ ఊరికి సంత రోజున సైకిలు మీద ఒక సూది డాక్టరు వచ్చేవాడట. గాజు సిరంజి, ఒకటే సూది. జ్వరమన్నా, దగ్గన్నా, ఊరికే నీరసమన్నా అదే సూది. పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి వేసేవాడట. ముందు అక్క, వెనకాలే చెల్లెలు.

"అయితే ఈమెకూ చూద్దాం" అంది డాక్టరు. అమ్మ తోడు వచ్చిన మనిషి. చేతి సంచీ నా ఒళ్ళో పెట్టి రవిక చెయ్యి పైకి జరుపుకుంది. ఆమెకూ పాజిటివే వచ్చింది.

భయపడొద్దని డాక్టరు చాలాసేపు చెప్పింది. దీనికి మాత్రలున్నాయి, పూర్తిగా పోతుంది, ఇక్కడ ఉచితంగానే ఇస్తారు. కలిసి తింటే అంటుకోదు, పక్కన పడుకుంటే అంటుకోదు. రక్తం తగిలే వస్తువులు మాత్రం ఒకరివి ఒకరు వాడకండి అంది. అది విని అమ్మ కుట్టుసూదుల సంగతి అడిగింది. ఎన్నిసార్లు వేలికి గుచ్చుకుంటుందో! "మీ సూది మీరే పెట్టుకోండి, ఇంకెవరికీ ఇవ్వకండి" అంది డాక్టరు. మందు మొదలుపెట్టే ముందు ఇద్దరికీ రెండు పరీక్షలు రాసింది. ఒకటి రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కపెట్టేది. రెండోది కాలేయం ఎంత గట్టిపడిందో మిషనుతో చూసేది. రక్తం అప్పుడే తీసుకున్నారు. మిషనుకు మాత్రం నెల తర్వాత తేదీ దొరికింది. నన్నూ నా భార్యనూ కూడా పరీక్ష చేయించుకోమన్నారు. మా ఇద్దరికీ ఏమీ లేదని తేలింది.

వైరస్ లెక్క వారంలోపే వచ్చింది. ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను. ఫోనులో రిపోర్టు తెరిచి చూశాను. పెద్దమ్మకు అరవై రెండు లక్షలు. అమ్మకు నలభై ఒక్క వేలు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని, ఎవరినీ అడగకుండా, నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. వేలున్న మనిషికి జబ్బు కొంచెమే, లక్షలున్న మనిషికి చాలా ఎక్కువ అనుకున్నాను. రోజంతా అంకెలు చూసే పని నాది. పెద్ద అంకె కనిపిస్తే పెద్ద ప్రమాదం అనుకోవడానికి అలవాటు పడిన బుర్ర. సాయంత్రం బస్సులో వస్తూ, పెద్దమ్మకు ఎలా చెప్పాలా అని తల పట్టుకున్నాను. అమ్మ గురించి ఒక్క క్షణం కూడా దిగులు పడలేదు. ఇప్పటికీ ఆ బస్సు ప్రయాణం గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

ఇంటికి వచ్చి చెప్పేశాను. "అమ్మకు కొంచెమే ఉంది. పెద్దమ్మకే బాగా ఎక్కువ."

"ఎంత?" అంది పెద్దమ్మ.

"అరవై రెండు లక్షలు."

పెద్దమ్మ అమ్మ వైపు తిరిగింది. "పాపా, ఇన్నాళ్ళకు లక్షాధికారినయినా చూడు" అంది. అమ్మ నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి పెద్దమ్మ మంచం మీద కూర్చుని అరుస్తోంది. పూలబుట్ట కనిపించడం లేదు. అమ్మా కనిపించడం లేదు. పెద్దమ్మ కంటే ముందే లేచి, చెప్పులు చేతపట్టుకుని బయటపడి, మొదటి బస్సుకు పూలమార్కెట్టుకు పోయింది అమ్మ. ఎనిమిది గంటలకు నేను వీధి మలుపుకు వెళ్ళి చూస్తే పెద్దమ్మ చోటులో, పెద్దమ్మ గోనెసంచీ మీద కూర్చుని కనకాంబరాలు కడుతోంది. అమ్మకు పూలు కట్టడం వచ్చు గానీ అమ్మడం రాదు. ఎవరైనా బేరమాడితే మొహమాటపడి మూర ఎక్కువే కొలిచి ఇచ్చేస్తుంది.

"అమ్మా, ఎందుకిదంతా? పూలు మానేస్తే పోలేదా?"

"నాలుగు దినాలు మానేస్తే ఈ జాగా ఇంకోరు పట్టుకుంటారప్పా. మందు తిని బాగయ్యాక మీ పెద్దమ్మ యాడ కూర్చోవాల? నాకేం, కొంచెమే కదా ఉండాది. నువ్వే చెప్తివి."

నేనే చెప్పాను మరి.

మూడు వారాలు అలాగే గడిచాయి. అమ్మ పొద్దున పూలు, మధ్యాహ్నం కుట్టుపని, మధ్యలో అక్కకు వంట. రాగి సంగటి మెత్తగా చేసి పెట్టేది. దానిమ్మ గింజలు వలిచి గిన్నెలో పోసి ఇచ్చేది. తన మంచం అక్కకిచ్చి తను కింద చాప వేసుకుంది. పెద్దమ్మకు ఊరికే కూర్చోవడం ఎన్నడూ అలవాటు లేదు. మొదటి రెండు రోజులు గొడవ చేసింది. తర్వాత ఏమనుకుందో ఏమో, ఇక తన పని అయిపోయిందని నిజంగానే నమ్మింది. నా భార్యను పిలిచి ముక్కుపుడక తీసి చేతిలో పెట్టి, "నేను పోయినాక ఆస్పత్రోళ్ళు తీసుకుంటే రాదు, ఇప్పుడే పెట్టుకో" అంది. పట్టుచీరలు రెండుంటే ఏది ఎవరికో చెప్పింది. ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా అరచేయి నిమురుతూ, "నిన్ను బాగా కొట్టినానా చిన్నప్పుడు?" అని అడిగింది.

"ఒక్కసారే కొట్టావు. రోడ్డు మీదికి పరిగెత్తానని."

"ఆ ఒక్కటి మనసులో పెట్టుకోవద్దప్పా."

నేను లేచి బయటికి వచ్చేశాను.

ఆ మూడు వారాల్లో అమ్మ బాగా అలసిపోయేది. సాయంత్రం మెట్లెక్కుతూ మధ్యలో ఆగేది. అన్నం సగం వదిలేసేది. అది చూసింది నా భార్య ఒక్కతే. "అత్తమ్మకు కూడా బాగాలేదు, మీరెవరూ గమనించడం లేదు" అంది నాతో. అంత పని చేస్తుంటే అలసట ఉండదా, అక్క మీద బెంగ కూడానూ, అన్నాను.

మిషను పరీక్ష రోజు వచ్చింది. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా ఇద్దరూ ఆస్పత్రి బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. పరీక్ష పెద్దదేమీ కాదు. పక్కటెముకల మధ్య చిన్న గొట్టం లాంటిది ఆనించి, వేలితో మీటినట్టు పదిసార్లు తడతారు. కాలేయం ఎంత మెత్తగా, ఎంత గట్టిగా ఉందో అది చెబుతుంది. పెద్దమ్మ బయటికి వచ్చి, "ఎవరో తలుపు కొట్టినట్టుండాది" అంది. తర్వాత అమ్మ వెళ్ళింది. అమ్మకు ఎక్కువసేపు పట్టింది. ఒకసారి చేసి, మళ్ళీ చేశారు.

డాక్టరు రెండు కాగితాలూ ముందు పెట్టుకుంది. పెద్దమ్మను చూసి, "మీ లివర్ బాగుండాదమ్మా, మెత్తగా ఉండాది" అంది. తర్వాత అమ్మ వైపు తిరిగింది. "ఈమెకే గట్టిపడింది. బాగా గట్టిపడింది. సిరోసిస్ అంటాం."

నాకు అర్థం కాలేదు. కాగితాలు తారుమారయ్యాయేమో అన్నాను. "డాక్టర్, వైరస్ ఎక్కువున్నది పెద్దమ్మకు. అరవై రెండు లక్షలు."

డాక్టరు నన్ను కోప్పడలేదు. ఈ ప్రశ్న ఆమె చాలాసార్లు విన్నట్టుంది.

"ఆ లెక్క రక్తంలో వైరస్ ఎంత తిరుగుతాందో చెప్తాది. లివర్ ఎంత చెడిందో చెప్పదు. రెండూ వేరే వేరే. వైరస్ లెక్క ఒక నెల ఎక్కువుంటాది, ఒక నెల తగ్గుతాది. లక్షలుండి లివర్ బాగున్నోళ్ళు ఉండారు. వేలుండి ఇట్లా గట్టిపడినోళ్ళూ ఉండారు. ఇంటికి పోయి అంకెలు చూసి మీరే తీర్పు చెప్పుకుంటే ఎట్ల?"

"మరి అమ్మకెందుకు ఇట్లయింది?"

"ఖచ్చితంగా చెప్పలేం. షుగర్ ఎన్నేళ్ళ నుంచి ఉండాది?"

"పద్నాలుగేళ్ళు."

"అదొకటి. లివర్‌లో కొవ్వు కూడా ఉండాది. వైరస్ ఎన్నేళ్ళ కింద వచ్చిందో మనకు తెలీదు. లోపల దెబ్బ తగలడం, మానడం, మానిన చోట మచ్చ పడడం, ఏళ్ళ తరబడి అదే జరిగింటాది. ఎవరి ఒళ్ళు వాళ్ళది."

అమ్మ అంతసేపూ చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ విన్నది. చివరికి ఒకే మాట అడిగింది. "లివర్ పోయిందంటే జనాలు తాగుడు అనుకుంటారు కదమ్మా? నేను ఎప్పుడూ ముట్టలేదు."

"నేను తాగినా" అంది పెద్దమ్మ గట్టిగా. వెనక నిలబడ్డ వాళ్ళంతా తిరిగి చూశారు. "కూలిపనికి పోయేటప్పుడు ఒళ్ళు నొప్పులకని ఆయన తాగే కల్లులో నేనూ తాగినా. నాకు రావాల్సింది దీనికెందుకు వచ్చింది?"

"తాగకపోయినా వస్తాదమ్మా" అని డాక్టరు అమ్మ చేయి పట్టుకుని చెప్పింది. "ఇంకా మించిపోలేదు. కడుపులో నీళ్ళు చేరలేదు, కామెర్లు లేవు. గట్టిపడినా పని చేస్తాంది. ఇప్పుడు వైరస్‌ను తీసేస్తే అక్కడితో నిలబడుతాది. కొంచెం తగ్గినా తగ్గచ్చు. కానీ మీరు రెస్టు తీసుకోవాల."

బస్సులో పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని దారంతా బయటికే చూసింది. అమ్మ ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఇల్లు చేరి తలుపు వేశాక అప్పుడు మొదలుపెట్టింది.

"మూడు వారాలు నన్ను మంచమ్మీద కూర్చోబెట్టి నువ్వు చాకిరీ చేస్తివి కదే! దానిమ్మకాయ వలిచి పెడితివి. నేను తింటి, సిగ్గు లేకుండా తింటి. ఆయాసమొస్తాంటే చెప్పకూడదా? నోరు లేదా నీకు?"

"నాకు తెలుసా అక్కా? కొంచెమే కదా అనుకుంటి."

"ఎవరు చెప్పిరి కొంచెమని?"

ఇద్దరూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. నేనే ముందుకు వచ్చి, "నాదే తప్పు పెద్దమ్మా" అన్నాను. పెద్దమ్మ నా భుజం మీద ఒక్కటి చరిచింది. చిన్నప్పటి తర్వాత అదే రెండోసారి. చరిచిన చేత్తోనే నా తల దగ్గరికి లాక్కుని ఏడ్చింది. అమ్మ ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చింది. పెద్దమ్మ ఆ చెంబు చూసి మళ్ళీ కేకేసింది. "నువ్వు కూర్చోవే తల్లీ! ఇంగ నువ్వేం తేవద్దు!"

ఆ సాయంత్రమే పెద్దమ్మ నా భార్య ముందు చెయ్యి చాపింది. "ఆ ముక్కుపుడక ఇట్లియ్యమ్మా. నేనిప్పట్లో పోయేదానట్ల లేదు." నా భార్య నవ్వు ఆపుకోలేక అద్దం ముందుకు పోయి తీసి ఇచ్చింది. చీరల గురించి మాత్రం పెద్దమ్మ ఏమీ అనలేదు. అవి ఇచ్చినట్టే లెక్క అని నా భార్య ఇప్పటికీ అంటుంది.

మర్నాటి నుంచి బుట్ట మళ్ళీ పెద్దమ్మది. ఆ పొద్దున నేను ఆమె వెంట వీధి మలుపు దాకా వెళ్ళాను. మనసులో ఒక మాట తొలుస్తోంది. అమ్మకు నా కాన్పులో రక్తం చాలా పోయిందనీ, ఎవరిదో రక్తం ఒక సీసా ఎక్కించారనీ చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆ రోజుల్లో ఎక్కించే రక్తానికి ఈ పరీక్ష ఉండేది కాదని డాక్టరు మాటల్లో తెలిసింది. పెద్దమ్మ తడిగుడ్డ తీసి మొగ్గలు పరుస్తుంటే అడిగాను.

"పెద్దమ్మా, అమ్మకు ఇది నేను పుట్టినప్పుడు వచ్చిందేమో."

ఆమె చేతులు ఆగాయి. "ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అట్లా కూడా రావచ్చంట."

"రావచ్చంట, పోవచ్చంట! మా ఇద్దరికీ ఒకే సూది ఏసినాడు ఆ సైకిలోడు. ముందు నాకు, వెనక దానికి. నేను కళ్ళారా చూసినా. నీ పుట్టుకకూ దీనికీ సంబంధం లేదు."

"నీకెట్ల తెలుసు?"

"నాకు తెలుసు. నువ్వు పుట్టినప్పుడు ఆస్పత్రి వరండాలో నిన్ను మొదట ఎత్తుకున్నది నేను. నీ వల్ల మాకు చెడు జరిగిందంటే నేనొప్పుకోను. ఇంకోసారి ఈ మాట మీ అమ్మ ముందర తీసినావంటే చూడు." అని దారం తెంపి, "పో, ఆఫీసు టైమవుతాంది" అంది.

అది నిజమో కాదో ఎవరూ చెప్పలేరు. తర్వాత డాక్టరును అడిగితే ఆమె కూడా తెలుసుకునే దారి లేదనే అంది. నేను మాత్రం పెద్దమ్మ మాట నమ్మాలని తీర్మానించుకున్నాను. కొన్ని రోజులు నమ్ముతాను, కొన్ని రోజులు నమ్మలేను. పెద్దమ్మ చెప్పినట్టు అమ్మ ముందు ఆ మాట ఎప్పుడూ తీయలేదు.

మందులు మొదలయ్యాయి. ఇద్దరికీ పన్నెండు వారాలే, కానీ మందు వేరు. పెద్దమ్మకు రోజుకు రెండు మాత్రలు, అమ్మకు ఒకటే. పెద్దమ్మకు ఇది నచ్చలేదు. జబ్బు ఎక్కువున్న మనిషికి ఒకటే మాత్ర ఇవ్వడమేమిటి, మోసం చేస్తున్నారేమో, నా దాంట్లో ఒకటి దీనికిస్తాను అంది. రెండు మందులు కలిపి ఒకే మాత్రగా చేశారని నేను కాగితం మీద గీసి చూపించాల్సి వచ్చింది. అయినా కొన్నాళ్ళు పెద్దమ్మ ఆ మాత్రను వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి అమ్మకిచ్చేది.

అమ్మను కాపాడే పని పెద్దమ్మ తన మీద వేసుకుంది. ఆ పని ఆమె పూలు కట్టినంత వేగంగా, బేరమాడినంత గట్టిగా చేసింది. పొద్దున తొమ్మిదికి టిఫిన్ కాగానే మాత్ర. ఊరగాయ జాడీ అటక మీదికి ఎక్కింది. అమ్మ కూరలో ఉప్పు సరిపోలేదంటే, "సప్పగా తిను, సచ్చేదానికంటే మేలు" అనేది. కుట్టుమిషను దగ్గర గంట కంటే ఎక్కువ కూర్చోనిచ్చేది కాదు. ఒకరోజు ఎవరో చెప్పారని పసరు మందు సీసా ఒకటి తెచ్చి చాటుగా అమ్మ చేత తాగించబోయింది. నా భార్య చూసి ఆపింది. ఆకుపసర్లు, వేరే మందులు ఏవీ వద్దని డాక్టరు ముందే చెప్పి ఉంది, కాలేయానికి అవే చేటు చేయవచ్చట. పెద్దమ్మ వాదించకుండా సీసా పట్టుకెళ్ళి మోరీలో పోసేసి వచ్చింది. ఆ రోజంతా తనను తానే తిట్టుకుంది.

అమ్మకు నోట్లోంచి గొట్టం వేసి కూడా చూశారు. కాలేయం గట్టిపడితే గొంతు కింద నరాలు ఉబ్బుతాయట, పగిలితే ప్రమాదమట. అమ్మకు ఉబ్బలేదు. బయటికి వచ్చి గొంతు పట్టుకుని మాట రాక సైగ చేస్తే, పెద్దమ్మ ఆ సైగ చూసి భయపడి నర్సును పిలిచింది. అమ్మ అడిగింది కాఫీ.

పన్నెండు వారాలు అయ్యాయి. తర్వాత ఇంకో పన్నెండు వారాలు ఆగి మళ్ళీ రక్తం చూడాలన్నారు. అప్పటికీ కనిపించకపోతేనే పోయినట్టు. ఈసారి రిపోర్టు నా ఫోనుకు వస్తే నేను తెరవలేదు. ఇద్దరినీ తీసుకుని నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్ళాను. ఆమె చదివి, "ఇద్దరికీ లేదు" అంది.

"ఎన్ని వేలుండాయి?" అంది పెద్దమ్మ.

"ఒక్కటీ లేదమ్మా. వెతికినా దొరకలేదు."

పెద్దమ్మ అమ్మ చెవి దగ్గర వంగి, అమ్మకేదో వినిపించనట్టు, "దొరకలేదంట పాపా" అంది. అమ్మ తలూపింది. అక్క భుజం మీద తల ఆనించి ఒక నిమిషం కళ్ళు మూసుకుంది. నేను పెద్దవాణ్ణయ్యాక అమ్మ ఎవరి భుజం మీదైనా తల వాల్చడం అప్పుడే మొదటిసారి చూశాను.

తర్వాత డాక్టరు అమ్మతో విడిగా చెప్పింది. వైరస్ పోయింది గానీ మచ్చలు పోలేదు. అక్క ఇక రానవసరం లేదు. అమ్మ మాత్రం ఆర్నెల్లకోసారి స్కానింగ్‌కు రావాలి, బతికినన్నాళ్ళూ. గట్టిపడిన కాలేయంలో గడ్డలేమైనా పుడితే తొందరగా పట్టుకోవాలి. అమ్మ శ్రద్ధగా విని సరేనంది. ఆ నెలాఖరుకే పెద్దమ్మ కంటి ఆపరేషన్ కూడా అయిపోయింది. కట్టు విప్పిన రోజు మా అందరినీ ఒక్కొక్కరినే చూసి, "మీకందరికీ ఇంత వయసొచ్చిందా!" అంది.

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. అమ్మ బాగానే ఉంది. బాగానే అంటే, బరువులు ఎత్తదు, తొందరగా అలసిపోతుంది, ఆర్నెల్లకోసారి స్కానింగ్ దగ్గరపడితే వారం ముందు నుంచీ మాట తగ్గిపోతుంది. ఆ వారం మా అందరికీ మాట తగ్గిపోతుంది. పోయినేడు మిషను పరీక్ష మళ్ళీ చేస్తే గట్టితనం కొంత తగ్గిందన్నారు. పూర్తిగా మామూలు కాలేదు. కాకపోవచ్చు కూడా. నేను అంకె అడగలేదు. ఎలా ఉంది, ఏం చేయాలి అని మాత్రమే అడిగాను.

పెద్దమ్మను రావద్దన్నా ప్రతిసారీ వస్తుంది. పోయిన నెల కూడా వచ్చింది. స్కానింగ్ గది బయట అమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చుంది. గడ్డలేమీ లేవన్నారు. తిరిగి వస్తూ యలహంక పాత ఊళ్ళో బస్సు దిగితే రోడ్డు పక్కన అనపకాయలు, పితికిపప్పు చేసే చిక్కుళ్ళు, కుప్పలు పోసి ఉన్నాయి. చలికాలం మొదటి కాయ, వాసన దూరానికే తెలుస్తోంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్క మాటైనా అనుకోకుండా అటే నడిచారు. పెద్దమ్మ బేరమాడింది, అమ్మ పట్టి చూసి ముదురు కాయలు ఏరి పక్కన పడేసింది. సంచీ నేను మోశాను.

ఆ సాయంత్రం ఇద్దరూ వాకిట్లో కూర్చుని నానబెట్టిన గింజలు పితికారు. వేళ్ళతో నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతోంది. కొన్ని గురి తప్పి అమ్మ ఒళ్ళో పడుతున్నాయి. పెద్దమ్మ వాటిని ఏరి గిన్నెలో వేస్తూ, "ఇంత పప్పుకు ఉప్పు ఎంతెయ్యాలంటావు?" అని అడిగింది.

"నువ్వెంత చెప్తే అంత" అంది అమ్మ.

"నిజంగానా?"

"ఈ ఒక్కపూట కొంచెం ఎక్కువెయ్యక్కా."

పెద్దమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆలోచించి, "చిటికెడు" అంది.